పిలిస్తే పలకని తాతయ్య

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ప్రాక్టీసు చేసే డాక్టరుకు మాజీ సైనికులతో పరిచయం తప్పదు. పక్కనే మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు కాబట్టి ‘మిలిటరీ మాధవరం’ అంటేనే జనం గుర్తుపడతారు. ఈ పెద్దవాళ్లు తమ బాధ తాము చెప్పుకోరు. “నాకేం లేదండీ, కోడలు రమ్మంటే వచ్చాను” అంటారు.

అలా వచ్చినాయన ఒకరు ఆర్టిలరీలో హవల్దారుగా చేశారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున ఫిరంగి దగ్గర ఉన్నారు. “మావయ్యగారికి కోపం ఎక్కువైందండీ. మా ఆయన పిలిస్తే పలుకుతారు, నేనూ పాపా పిలిస్తే పలకరు” అంది కోడలు. నేను ఆయన వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో పేరు అడిగాను. తల తిప్పలేదు.

ఫిరంగి మోత ముందుగా దెబ్బతీసేది సన్నని శబ్దాలు వినే శక్తినే. మగవాళ్ల బొంగురు గొంతు కొంత అందుతుంది. ఆడవాళ్ల మాటా, చిన్నపిల్లల మాటా జారిపోతాయి. ఇంట్లోవాళ్లకు అది కావాలని చేసినట్టే ఉంటుంది మరి! అప్పట్లో చెవుల్లో ఏం పెట్టుకునేవారని అడిగాను. “దూది. అదీ ఉంటే” అన్నారు. వినికిడి యంత్రం పెట్టాక మొదట గిన్నెల చప్పుడుకే విసుక్కున్నారు. మెల్లగా అలవాటుపడ్డారు.

ఇంకొకాయన సుబేదారు. మతిమరుపు జబ్బు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు కానీ, అర్ధరాత్రి లేచి గుమ్మం దగ్గర నిటారుగా నిలబడి, ఎవరొచ్చినా హిందీలో ఆపుతారు. కొడుకు చెయ్యి పట్టుకు లాగబోతే తోసేశారు. భార్య మాత్రం దగ్గరికెళ్లి, “మీ డ్యూటీ అయిపోయిందండీ, రిలీవర్ వచ్చాడు” అంటుంది. వచ్చి పడుకుంటారు. వాదించకుండా ఆయన మనసున్న చోటికే వెళ్లి మాట్లాడాలని మేం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి, ఇప్పుడు రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆయన్ని కనిపెట్టుకుంటోంది. ఆవిడ బీపీ చూశాను. ఆయన కంటే చాలా ఎక్కువ ఉంది. మందులు రాయాల్సింది ముందు ఆవిడకే.

మీ ఇంట్లో మాజీ సైనికుడుంటే, కోపిష్టి అని తేల్చేముందు వినికిడి పరీక్ష చేయించండి. మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం కింద వినికిడి యంత్రానికి పరిమితి మేరకు డబ్బు వస్తుంది. ఆ కార్డు భార్యకూ తీయించండి. పింఛను కాగితాల్లో ఆమె పేరు సరిగ్గా పడిందో లేదో ఆయన ఉండగానే చూసుకోండి.