శాండీ హుక్ ఓట్లు

లెక్సింగ్టన్ నుంచి తూర్పుగా 64వ నంబరు హైవే మీద గంట పైచిలుకు వెళ్లి మోర్‌హెడ్ దగ్గర దిగాం. అక్కడినుంచి 32వ నంబరు రోడ్డు. కొండలు రెండు పక్కలా దగ్గరకు జరిగాయి, వంపులు ఎక్కువయ్యాయి. కారు నడుపుతున్న మా మేనల్లుడు, "ఈ అడవుల్లో చూడ్డానికి ఏముంది మావయ్యా?" అన్నాడు. "ఓట్లురా" అన్నాను.

కెంటకీలో 120 కౌంటీలు. అందులో చిన్నవాటిలో ఒకటి ఎలియట్. మొత్తం జనాభా ఏడు వేల పైచిలుకు, దాదాపు అందరూ తెల్లవారే. 1869లో ఏర్పడిన ఈ కౌంటీ 1872 నుంచి 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్‌కే మెజారిటీ ఇచ్చింది. 1972లో డెమోక్రాట్ అభ్యర్థి మెక్‌గవర్న్‌కు రాష్ట్రాల్లో మాసచూసెట్స్ ఒక్కటే దక్కింది. ఆ ఏడు కూడా ఎలియట్ ఆయన వెంటే ఉంది. 2008లో ఒబామాకు అరవై శాతం దాటి ఓట్లేసింది. 2016లో అదే కౌంటీలో ట్రంప్‌కు 70 శాతం వచ్చాయి. ఎనిమిదేళ్లలో ఏం జరిగిందో అక్కడి మనుషుల నోట వినాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

కౌంటీ కేంద్రం శాండీ హుక్. కోర్టు, కొన్ని దుకాణాలు, చర్చీలు, అంతే. ఊరికి ముందే పొలాల మధ్య నల్లరంగు వేసిన ఎత్తయిన చెక్క కొట్టాలు కనిపించగానే కారు ఆపించాను. పొగాకు బ్యారన్లు! ఒంగోలు వైపు పుట్టినవాణ్ని, బ్యారన్‌ను గుర్తుపట్టకుండా ఉంటానా? మనది వర్జీనియా పొగాకు, మంట పెట్టి క్యూరింగ్ చేస్తాం. వీళ్లది బర్లీ. మొక్కను మొదలుదాకా కోసి, కర్రలకు గుచ్చి, బ్యారన్ దూలాలకు వేలాడదీసి గాలికి ఆరనిస్తారు. నేను చూసిన బ్యారన్లలో ఎక్కువభాగం ఖాళీగానే ఉన్నాయి.

రోడ్డు పక్క హోటల్లో ఓ పెద్దాయన పరిచయమయ్యాడు. మాదీ పొగాకు పండించే జిల్లాయేనని చెప్పగానే కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "మా తాత డెమోక్రాట్, మా నాన్న డెమోక్రాట్. పొగాకుకు ధర వచ్చింది రూజ్‌వెల్ట్ వల్లే. ఇంటికి కరెంటు వచ్చిందీ ఆయన కాలంలోనే. ఇంకొకరికి ఎందుకు వేస్తాం?" అన్నాడు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 1930ల నుంచి ప్రభుత్వమే ఒక్కో పొలానికి కోటా కట్టి, మద్దతు ధర నిలబెట్టింది. రెండు మూడెకరాల పొగాకుతోనే కొండరైతు పిల్లల్ని చదివించుకున్నాడు. 2004లో వాషింగ్టన్ ఆ కోటాను రద్దు చేసి, పరిహారం పదేళ్ల వాయిదాల్లో చెల్లించింది. వాయిదాలు 2014తో అయిపోయాయి. మరుసటి ఏడు చివర్లో ఆష్‌లాండ్ ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ ఆగింది. ఆ ఫ్యాక్టరీ యూనియన్ జీతం మీద ఈ కొండల్లో ఎన్నో ఇళ్లు నడిచేవి.

మతం సంగతీ ఉంది. 2015లో స్వలింగ వివాహాలకు సుప్రీంకోర్టు ఆమోదం తెలిపాక, పక్కనున్న రోవన్ కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్ లైసెన్సులు ఇవ్వనని జైలుకెళ్లింది. ఆమె కూడా డెమోక్రాట్‌గా గెలిచిన మనిషే, ఆ గొడవలోనే రిపబ్లికన్ అయింది. ఇలాంటి విషయాల్లో ఈ జనం ఎప్పుడూ సంప్రదాయవాదులే. పొగాకు ధరా యూనియన్ జీతమూ నిలిచినంతకాలం ఆ సంప్రదాయవాదం ఓటు దాకా రాలేదు.

స్థానిక ఎన్నికల లెక్క వేరు. అమెరికాలో జైలరును కూడా ఓటేసి ఎన్నుకునే రాష్ట్రం కెంటకీ ఒక్కటే. ఇక్కడ షెరీఫ్, క్లర్క్, జైలరు ఎవరో డెమోక్రాట్ ప్రైమరీలోనే తేలిపోయేది. ఆ పార్టీలో నమోదు కానివారికి అందులో ఓటు లేదు. అందుకే 2016లో ట్రంప్‌కు వేసినవారిలో చాలామంది కాగితం మీద డెమోక్రాట్లే. ఈ ఊరివాడైన రాకీ ఆడ్కిన్స్ 1987 నుంచి 2019 దాకా రాష్ట్ర శాసనసభలో ఉన్నారు, డెమోక్రాట్‌గానే. 2019 గవర్నర్ ఎన్నికలో ఎలియట్ మళ్లీ డెమోక్రాట్ ఆండీ బెషియర్‌కే మెజారిటీ ఇచ్చింది. "ఆడ్కిన్స్ నా ఇంటి దారి తెలిసిన మనిషి. టీవీలో కనిపించేవాళ్లకు మా ఊరి పేరు కూడా తెలియదు" అన్నాడు పెద్దాయన.

తమ మేలు తామే ఎరుగని జనం అని పట్నాల్లో వీళ్ల గురించి అనే మాట నాకు అన్యాయంగా తోచింది. చేసిన మేలును మూడు తరాలు మరవని జనం వీళ్లు. ఆ మేలు ఆగిపోయాక, దాని బదులు ఇదిగో అని చేతిలో పెట్టడానికి డెమోక్రటిక్ పార్టీ దగ్గర ఏమీ లేకపోయింది. ట్రంప్ వల్ల వీళ్ల బ్యారన్లు నిండుతాయని నేను అనుకోను, ఆ పెద్దాయనా అనుకోలేదు.

లెక్సింగ్టన్, లూయివిల్‌లలో ఉండే మనవాళ్లకు ఒక మాట. ఎన్నికల రాత్రి టీవీ పటం మీద రిపబ్లికన్ ఎర్రరంగు చూసి ఈ ఊళ్లమీద తీర్పు చెప్పకండి. ఓ శనివారం మోర్‌హెడ్ దాకా వెళ్లి, 32వ నంబరు రోడ్డు పట్టుకుని, ఒక పూట అక్కడివారితో కూర్చుని రండి.