కాలేజీ స్క్వేర్‌లో భట్టిప్రోలు ధాతువు

కోల్‌కతాలో కాలేజీ వీధికి వెళ్ళినవారి చూపు ముందుగా పాతపుస్తకాల దుకాణాలమీద పడుతుంది. ఒకవైపు విశ్వవిద్యాలయం, ఎదుట గోల్‌దిఘి అనే చెరువు. ఆ చెరువు సమీపంలోనే, బంకించంద్ర ఛటర్జీ వీధిలో, శ్రీ ధర్మరాజిక చైత్య విహారం ఉంది. పుస్తకాల ధ్యాసలో దాన్ని దాటిపోయేవారు ఎందరో. తెలుగువారు మాత్రం అలా దాటిపోరాదు. అక్కడ పూజలందుకొంటున్న బుద్ధధాతువు భట్టిప్రోలునుంచి వెళ్ళింది.

విహార ముఖభాగాన్ని చూడగానే అజంతా స్ఫురిస్తుంది. గుర్రపునాడా ఆకృతిలోని చైత్యగవాక్షం, దాని దిగువ స్తంభాలు, కొండలో తొలిచిన గుహాలయాన్ని నగరవీధిలోకి తెచ్చి నిలిపినట్లుంటాయి. ప్రాచీన శిల్పాన్ని అనుకరించిన కట్టడాలు తరచు రంగస్థలపు తెరలను తలపిస్తాయి. ఇది ఆ దోషానికి లోను కాలేదు. లోపల ఆరాధన సాగుతూ ఉండటమే కారణం కాబోలు. రూపకల్పన చేసినవారు ఒరిస్సా ఆలయాలపై గ్రంథం రచించిన మన్మోహన్ గంగూలీ.

దీని వెనుక ఉన్న సంకల్పం సింహళదేశీయుడైన అనాగారిక ధర్మపాలునిది. 1891లో కొలంబోలో మహాబోధి సభను స్థాపించిన ఆయన మరుసటి ఏడే దాని కార్యస్థానాన్ని కలకత్తాకు మార్చారు. 1893లో షికాగో సర్వమత సభనుంచి ఓడలో తిరిగివస్తూ హోనలూలూలో కలుసుకొన్న మేరీ ఫాస్టర్ అనే మహిళ ఆయనకు జీవితాంతం ధనసహాయం చేసింది. విహార నిర్మాణానికీ ఆమె విరాళమే ఆధారమైంది.

ధాతువు అనగానే తెలుగు విద్యార్థికి వ్యాకరణం గుర్తుకు వస్తుంది. బౌద్ధుల వాడుకలో అది మహనీయుల శరీరావశేషం. దాన్ని గర్భంలో దాచుకొన్నది ధాతుగర్భం. సింహళంలో అదే దాగొబ అయింది. మనవాళ్ళు అటువంటి స్తూపాన్ని దిబ్బ అన్నారు. దిబ్బ అన్న తరువాత తవ్విపోయడానికి సంకోచమేముంటుంది? 148 అడుగుల వ్యాసం గల భట్టిప్రోలు మహాస్తూపపు ఇటుకలు రోడ్డుకూ, పాలరాయి కాలువ తూముకూ ఖర్చయిపోయాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించేనాటికి మిగిలిన అడుగుభాగంలోనే, అదృష్టవశాత్తూ, శాసనాలు చెక్కిన మూడు రాతి కరండాలు దొరికాయి. వాటిమీద కుబీరకుడనే రాజు పేరు ఉంది. ఆ అక్షరాలు బ్రాహ్మిలిపికి కొంత భిన్నమైనవి. తెలుగులిపి చరిత్ర చెప్పేవారెవరూ వాటిని విడిచిపెట్టలేరు.

తగిన మందిరం కట్టుకొంటే ధాతువును అప్పగిస్తామని ప్రభుత్వం మహాబోధి సభకు మాట ఇచ్చింది. 1920 నవంబరులో వంగదేశపు గవర్నరు లార్డ్ రోనాల్డ్‌షే దాన్ని సభాధ్యక్షులైన సర్ అశుతోష్ ముఖర్జీ చేతికి అందించారు. ఊరేగింపుగా తెచ్చి నూతన విహారంలో ప్రతిష్ఠించారు.

ఈనాడు కరండాలు చెన్నై మ్యూజియంలో, ధాతువు కోల్‌కతాలో, స్తూపపు అడుగుభాగం బాపట్ల జిల్లాలో ఉన్నాయి. సొత్తు చెదిరిందని బాధపడటం సహజమే. కాని 1920లో భట్టిప్రోలులో ఆ ధాతువుకు ఒక దీపం వెలిగించే భిక్షువు లేడు. కాలేజీ స్క్వేర్‌లో వైశాఖపూర్ణిమనాడు దానికి నమస్కరించడానికి బారులు తీరేవారున్నారు. అది ఏ ఊరినుంచి వచ్చిందో వారిలో ఎందరికి తెలుసునన్నది వేరే మాట.