రైలెక్కకుండా చూసిన నగరం

ఈ వేసవిలో నేను చూసివచ్చిన నగరానికి ఏ స్టేషనులోనూ టిక్కెట్టు దొరకదు. అక్కడ నది వుంది, వంతెనలున్నాయి. ఆఫీసుల వేళకు కార్లు బారులు తీరతాయి. పొద్దుగూకితే మేడల కిటికీల్లో దీపాలు వెలుగుతాయి. అంత నగరమూ హైదరాబాదులో మా మేనల్లుడి గదిలో, కంప్యూటరులో ఇమిడి వుంది. ఆ ఆట పేరు సిమ్‌సిటీ 4. అమెరికాలో మాక్సిస్ సంస్థవారు 2003లో విడుదల చేశారు. ఇరవై యేళ్ళు దాటినా దాన్ని వదలని వారున్నారు. మావాడు వారిలో ఒకడు.

ఇందులో గెలుపు అంటూ లేదు. ఆడేవాడే మేయరు. రోడ్లు వేసి, నీళ్ళూ కరెంటూ ఇచ్చి, ఇక్కడ ఇళ్ళు, ఇక్కడ అంగళ్ళు, అక్కడ కార్ఖానాలు అని హద్దులు గీస్తే చాలు. మేడలు వాటంతట అవే మొలుస్తాయి. ఒక పేట 1890 నాటి షికాగోలా వుంటుంది, మరొకటి 1940 నాటి న్యూయార్కులా, ఇంకొకటి 1990 నాటి హ్యూస్టన్‌లా. ఎంత ముచ్చటైనా, నాలుగు వీధులు తిరిగేసరికి చూసిన మేడే మళ్ళీ ఎదురవుతుంది. ఆ విసుగు తీరే ఉపాయం 2004లో దొరికింది. ఎవరి మేడ వారే కట్టుకునేందుకు మాక్సిస్‌వారే ఒక పనిముట్టు ఇచ్చారు. అది మొదలు దేశదేశాల ఔత్సాహికులు మేడలు కట్టి ఒకరికొకరు పంచిపెట్టుకుంటున్నారు.

"మామయ్యా, నా మేడ చూద్దువుగాని రా" అన్నాడు మావాడు.

అది సింగర్ భవనం. మన అమ్మమ్మల ఇళ్ళలో కుట్టుమిషను మీద బంగారు అక్షరాలతో కనిపించేదే ఆ పేరు! న్యూయార్కు బ్రాడ్వే వీధిలో ఎర్నెస్ట్ ఫ్లాగ్ అనే వాస్తుశిల్పి ఆ కంపెనీకోసం రూపొందించాడు. 1908లో పూర్తయినప్పుడు 612 అడుగుల ఎత్తుతో, ప్రపంచంలో దాన్ని మించిన ఆఫీసు మేడ లేదు. మరుసటి యేడే ఆ కిరీటం మరో మేడకు పోయిందనుకోండి.

పాత ఫోటోలు ముందుపెట్టుకుని మావాడు కడుతున్నాడు. ఆటలో నేలంతా గళ్ళు. గడి ఒక్కో పక్క 16 మీటర్లు, అంటే సుమారు 52 అడుగులు. సింగర్ గోపురం పక్కేమో 65 అడుగులు!

"కాస్త సన్నం చేస్తే పోదూ?" అన్నాను.

"అప్పుడది సింగర్ కాదు, మామయ్యా" అని రెండేసి గళ్ళు తీసుకున్నాడు.

మన వీధుల్లో ముందుగోడకు మూడు రంగులు పూసి, వెనకగోడకు సున్నమైనా వేయని ఇళ్ళెన్ని లేవు! ఈ నగరంలో ఆ పప్పులు ఉడకవు. మేడను నాలుగు దిక్కులనుంచీ, అయిదు దూరాలనుంచీ, పగలూ రాత్రీ చూడవచ్చు. వెరసి నలభై చూపులకు అది నిలవాలి. రాత్రి దీపాలదీ ఒక విద్యే. అన్ని కిటికీలూ వెలిగిస్తే పెళ్ళివారిల్లు అవుతుంది. కొన్ని ఆర్పితేనే, ఎవరో పని ముగించుకుని ఇంటికి వెళ్ళారనిపిస్తుంది.

అన్నీ అయ్యాక మావాడు ఒకచోట ఆగిపోయాడు. కట్టిన మేడను రెండు విధాలుగా నగరానికి ఇవ్వవచ్చునట. ఒకటి, మేయరు తానై నిలబెట్టే స్మారక భవనంగా. రెండు, గిరాకీని బట్టి మొలిచే మామూలు ఆఫీసుగా. మొలిచేదానికి ఒక గండం వుంది. గిరాకీ పెరిగితే, ఆటే దాన్ని కూల్చి అంతకన్న పెద్దది లేపుతుంది.

న్యూయార్కులో జరిగిందీ అదే. గోపురంలో అంతస్తుకు, గోడలతో సహా లెక్కవేసినా, 4,225 చదరపు అడుగులే. ఆ నేల విలువకు అది చాలలేదు. పాత కట్టడాలను కాపాడే చట్టం 1965లోనే ఆ నగరానికి వచ్చింది. కాని ఈ భవనానికి ఆ రక్షణ దక్కలేదు. 1960ల చివర్లో కూల్చివేశారు. ఆ చోట ఇప్పుడు 54 అంతస్తుల మేడ వుంది.

"అయితే స్మారకంగానే ఇవ్వరా, ఎవరూ ముట్టుకోరు" అన్నాను.

"అసలుది ఆఫీసు, మామయ్యా. జనం పనిచేసిన చోటు. విగ్రహంలా నిలబెట్టడం నాకిష్టం లేదు" అని మొలిచేదిగానే చేశాడు.

అయితే ఆటలో ఒక వెసులుబాటు వుంది. ఏ మేడ వివరాలు తెరిచినా, దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించేందుకు ఒక చిన్న పెట్టె కనబడుతుంది. అందులో టిక్కు పెడితే ఇక గిరాకీకోసం ఆ మేడను కూల్చరు. కాని ఆ టిక్కు మేడతోపాటు పంపేది కాదు. ఏ వూరి మేయరు ఆ వూళ్ళో పెట్టుకోవలసిందే.

నాలుగు రోజులకు నది ఒడ్డున ఎర్ర ఇటుకల గోపురం మొలిచింది. ఆఫీసుల గిరాకీ చూపే నీలిపట్టీ పైపైకి పోతూనే వుంది. ఆ వూరి మేయరు మావాడే గనుక టిక్కు వెంటనే పడింది. మిగిలిన వూళ్ళ సంగతి ఆయా మేయర్లకే వదిలి, వాడు భోజనానికి లేచాడు.