గ్యారేజీలో పాతర

పోయిన జూలైలో అమ్మ బైరెడ్డిపల్లె నుంచి డాలస్‌కు వచ్చింది. మూడో రోజే "పితికిపప్పు దొరకతాదా ఈడ?" అని అడిగింది. గర్వంగా గ్యారేజీలోకి తీసుకెళ్లి రెండో ఫ్రిజ్ తలుపు తీశాను. కాసేపు అట్లే చూసి, "ఏంది నాయనా ఇది, ఫ్రిజ్జా పాతరా?" అంది.

మా పక్క వెనకటికి రాగులకు పాతరలుండేవి. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి మన్ను కప్పేసేవాళ్లు. రాగికి పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలవుంటుంది. కరువొచ్చినప్పుడు తవ్వుకునేవాళ్లు. దానికి కరెంటు బిల్లు రాదు. నా పాతరకు నెలనెలా వస్తుంది.

అమ్మ ఊరుకోలేదు. ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచింది. కరివేపాకు మూడు కవర్లు, మునక్కాయ ముక్కలు, కొబ్బరి తురుము, ఏ పండక్కి కలిపిందో గుర్తులేని పులిహోర గుజ్జు, సుర్తి లిల్వా ప్యాకెట్లు పదకొండు. ఇండియన్ స్టోర్లో గుజరాతీ పేరుతో అమ్మే ఆ లిల్వా మన అనపగింజలే. నానబెట్టి తొక్క పితికితే పితికిపప్పు. ఊళ్లో సంక్రాంతి దాపున, మంచుకు తడిసిన అనపకాయ ఘుమఘుమలాడే రోజుల్లోనే తింటాం. ఏడాది పొడుగునా తినాలని నేను దాచుకున్నాను. తిన్నది తక్కువ, దాచింది ఎక్కువ. అడుగున ఉన్న ప్యాకెట్టుకు మంచు ఎంత పేరుకుందంటే, తేదీ చదవడానికి గోటితో గీకాల్సొచ్చింది.

"బయట పొయ్యి మాదిరి కాగతా ఉంటే, దీన్ని ఈడ పెట్టి చల్లగా ఉండమంటే ఎట్లుంటాది?" అంది అమ్మ. ఇంజనీరునైన నాకు తట్టని మాట అది. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. బయట 40 డిగ్రీలుంటే ఆ తోడుడు ఆగదు. ఆ రాత్రే ప్లగ్గుకు మీటరు తగిలించాను. 24 గంటలకు వంటింటి ఫ్రిజ్ ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటే, పాత ఇంటివాళ్లు వదిలిపోయిన ఈ 1998 నాటిది మూడున్నర మింగింది. యూనిట్ 15 సెంట్ల లెక్కన నెలకు దాదాపు 16 డాలర్లు. 1970ల నడుమ అమెరికాలో సగటు ఫ్రిజ్ ఏడాదికి 1,800 యూనిట్ల దాకా తాగేది. 1990 నుంచి దేశమంతటా ప్రమాణాలు అమల్లోకొచ్చాక కొత్తవాటి కరెంటు వాడకం బాగా తగ్గింది. పాతది గ్యారేజీకి మారితే మాత్రం ఆ ఆదా అక్కడే ఆవిరి.

వంటింటి ఫ్రిజ్‌కూ పరీక్ష పెట్టాను. తలుపు సందులో డాలరు నోటు పెట్టి మూసి లాగితే జారి వచ్చేసింది. రబ్బరు వదులైందన్న మాట, మార్పించాను. వెనక కాయిల్ మీది దుమ్ము దులిపి, గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపాను. కింద 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 చాలు. అంతకన్నా తగ్గిస్తే పెరిగేది బిల్లే. పప్పు వేడి తగ్గాకే లోపల పెట్టాలి, అలాగని రెండు గంటలు దాటనివ్వకూడదు. గడ్డకట్టిన ప్యాకెట్టును ముందు రోజు రాత్రే కింది అరలోకి దించితే, అది కరుగుతూ తన చల్లదనాన్ని ఫ్రిజ్‌కే ఇస్తుంది.

ఇండియాలో ఫ్రిజ్ కొనేవాళ్లకు ఒక మాట. స్టార్లతో పాటు లేబుల్ మీది ఏడాదిని, యూనిట్ల అంకెను చూడండి. ప్రమాణాలు బిగిసే కొద్దీ నిన్నటి అయిదు స్టార్లు నేటి అయిదు కావు.

అమ్మ ఉన్న ఆర్నెల్లలో పదకొండు ప్యాకెట్లూ సంగటిలోకి కూరలయ్యాయి. పాత ఫ్రిజ్‌ను, అందులోని గ్యాస్‌ను పద్ధతిగా తీసేవాళ్లకు ఇచ్చేశాం. రెండో ఫ్రిజ్ కొనాలనుకుంటున్నారా? ముందు మొదటిదాంట్లో ఉన్నదంతా ఒకసారి నేల మీద పరిచి చూడండి.