నంబరుకు తగ్గింది, నాకు తగ్గల్యా

కడప జిల్లాలో పుట్టి కారం దోసె వద్దంటే జాలిగా చూస్తారు. మా అమ్మ ఏడు నెలలు వద్దంది. పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, అంతే. నోటిపూతే కదా అని బీ-కాంప్లెక్స్ గోళీలు, పూసుకునే జెల్లు, వేడి చేసిందని సబ్జా నీళ్లు... ఎవరి సలహానీ వదల్లేదు. పుండ్లు మానలేదు. చివరికి కర్నూలులో ఒక స్కిన్ డాక్టరు బుగ్గ లోపల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పేరు తెలిసింది: పెంఫిగస్ వల్గారిస్.

నోటి లోపలి పొరలో కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రోటీన్ ఒకటుంది, డెస్మోగ్లీన్ 3. ఈ జబ్బులో మన రక్తంలోని యాంటీబాడీలు దాని మీదే దాడి చేస్తాయి. అతుకు ఊడి, పొర పొక్కి, చిట్లి పుండవుతుంది. చాలామందికి మొదట నోట్లోనే మొదలవుతుంది. అన్నట్టు, ఇది అంటుకోదు. అమ్మకి గ్లాసు వేరే పెట్టినవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నా.

ఆ యాంటీబాడీలు ఎంతున్నాయో ఎలైసా పరీక్ష చెప్తుంది. స్టెరాయిడ్లు మొదలుపెట్టాక రెండో రిపోర్టు పీడీఎఫ్ నా ఫోన్‌కొచ్చింది. నంబరు సగానికి పడిపోయింది. బెంగళూరు నుంచి వెంటనే ఫోన్ చేశా.

"నంబరుకు తగ్గింది పాపా, నాకు తగ్గల్యా" అంది అమ్మ.

రెండూ నిజమే. ఎక్కువమందిలో జబ్బు తగ్గేకొద్దీ నంబరూ తగ్గుతుంది. కానీ యాంటీబాడీలు తగ్గినంత మాత్రాన ఊడిన పొర ఆ రోజే అతుక్కోదు. కొందరికి తిరకాసుగా, నోరు పూర్తిగా మానినా డెస్మోగ్లీన్ 3 నంబరు ఎక్కువగానే ఉంటుంది. అందుకే రిపోర్టు చదివాక టార్చి వేసి నోరు కూడా చూడాలి. ఇక నొప్పికైతే రక్తపరీక్షే లేదు. సున్నా నుంచి పది లోపల ఎంత అని మనిషిని అడగాల్సిందే.

ఆ లెక్క అమ్మకి నచ్చలేదు. "మజ్జిగ తాగినా మండితే పది సార్. సంగటి మింగగలిగితే ఐదు. చెనక్కాయల ఊరిమిండి తిన్యానంటే సున్నా" అంది. డాక్టరు నవ్వకుండా రాసుకున్నారు. ఆయన నాకు అక్కడే నచ్చారు.

స్టెరాయిడ్లతో అమ్మకి షుగరు పెరిగింది, మొహం ఉబ్బింది. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. యాంటీబాడీలు తయారవడానికి మూలమైన బి-కణాల్ని తగ్గిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఈ జబ్బుకు దాన్ని ఆమోదించింది. ఖరీదైనదే. ఇంట్లో లెక్కలేసుకుంటున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా నోటి పుండు రెండు మూడు వారాలు దాటినా మానకపోతే మాత్రం జెల్లుతో సరిపెట్టకండి, డాక్టరుకి చూపించండి.

ఈ నెల రిపోర్టు ఇంకా రాలేదు. నిన్న రాత్రి ఫోన్లో, ఊరిమిండిలో రెండు మిరపకాయలేసి తిన్నానంది అమ్మ. ఒకటే వేసుంటుందని నా అనుమానం.