కూలి మానుకొని వెళ్లిన సాక్షులు

జనగామలో పొద్దున్నే రైలెక్కితే ఘనపూర్, కాజీపేట, వరంగల్లు దాటి, నెక్కొండ, కేసముద్రం మీదుగా మానుకోట చేరుతాము. మహబూబాబాదును ఆ ప్రాంతపువారు ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు. అక్కడినుండి కొద్ది దూరములోనే డోర్నకల్ జంక్షన్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ మూడు జిల్లా కేంద్రములైనవి గాని, అంతకుముందు మనమంతా వరంగల్లు జిల్లావారమే. డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది.

మేము ఏడుగురము వెళ్లాము. నలుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. టిఫిను డబ్బాలలో పులిహోర, ఒక సంచిలో పాటల పుస్తకాలు. కేసముద్రం దగ్గర పడుతున్నప్పుడు అందరము కిటికీల వైపు జరిగాము. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల క్రింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన చోటు అది. ఇప్పుడు చూస్తే ఆ ఆనవాలేమీ లేదు, పచ్చని పొలాలే. పనివారు రాత్రింబగళ్లు కష్టపడి కొద్ది రోజులలోనే మరల దారి నిలబెట్టారు.

డోర్నకల్ పెద్ద ఊరేమీ కాదు. నిజాము కాలములో ఇల్లెందు బొగ్గు కోసం వేసిన రైలుమార్గము వలన దానికి పేరు వచ్చింది. అటువంటి చోటికి తమిళ దేశమునుండి మిషనరీలు ఎందుకు వచ్చారు? ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు కొందరు కూడి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుకున్నారు. మనుష్యులు మనవారే, డబ్బు మనదే, నడిపించేవారు మనవారే అన్నది వారి నియమము. అన్నిటికీ ఇంగ్లండు వైపు చూసే ఆ రోజులలో అది చిన్న సాహసము కాదు. వారు తమ పొలముగా ఎంచుకున్నది ఈ డోర్నకల్ ప్రాంతము. భాష వేరు, తిండి వేరు, రాజ్యము కూడా వేరు. అయినా వచ్చారు. ఆ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అప్పుడు వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శి. 1905 క్రిస్మసు నాడు సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఆరంభమైనప్పుడు కూడా ఆయన ముందున్నారు. ఇతరులను పొమ్మని పంపుతూ తాను ఆగిపోవుట ఎట్లా అనుకున్నారేమో, 1909లో గురువుగా అభిషేకము పొంది తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావటము అదే మొదలు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్లదొరల మిషనరీల ఎదుట నిలిచి, మాకు మీ దానములే కాదు, మీ స్నేహము కావాలి అన్న భావముతో మాట్లాడినది కూడా ఈయనే.

కెథెడ్రల్ ముందు నిలబడి చాలాసేపు చూశాము. ఏళ్ల తరబడి కట్టి, 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగ నాడు ప్రతిష్ఠించారు. అందుకే దానికి ఎపిఫనీ కెథెడ్రల్ అని పేరు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది. స్తంభాలు చూస్తే గుడి మండపము. మాలో ఒక చెల్లి, "ఇదేమిటి, మన చర్చీలాగ లేదే" అన్నది. మాకైతే ఇది మన నేలమీద మొలిచినట్లే ఉన్నది. ఎక్కడో ఇంగ్లండు పల్లెలోని గోపురాన్ని తెచ్చి ఎర్రమన్నులో నాటినట్లు కనిపించే గుళ్లు మనకు చాలా ఉన్నవి కదా!

కాని మేము వెళ్లినది కట్టడము కొరకు కాదు, సాక్ష్యపు వారము కొరకు. అజరయ్య గారి అధ్యక్ష మండలములో ఏటా ఒక వారము పల్లెల విశ్వాసులు జట్లు కట్టుకొని, చుట్టుప్రక్కల ఊళ్లకు పోయి పాటలు పాడి, తమ జీవితములో ప్రభువు చేసినది చెప్పేవారు. జీతగాళ్లు కారు, చదువుకున్నవారూ తక్కువే. ఎక్కువమంది మాల మాదిగ వాడల కూలివారు. బాప్తిస్మము తీసుకున్నవారు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకొని, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను ప్రమాణముగా పలికేవారట. ఊరి నడివీధిలో తలెత్తి నడవనియ్యని కాలములో, అదే వీధిలో నిలబడి గొంతెత్తి పాడటము అంటే ఏమిటో ఆలోచించండి. విన్నవారి సంగతి అటుంచి, పాడినవారే ఆ వారములో మారిపోయి ఉంటారని మాకు అనిపిస్తుంది.

ఆవరణలో చెట్టు క్రింద కూర్చున్న ఒక ముసలమ్మతో మాటలు కలిశాయి. వాళ్ల నాయనమ్మ ఆ వారము వెళ్లేదట.

"కూలి పోయేది గదా అమ్మా, ఇంట్లో ఎట్లా?" అని అడిగాము.

"పోయేది బిడ్డా. గంజి తాగి పోయెటోళ్లు. ఎవలన్నా ఇస్తరని పోయిన్రా?" అన్నది.

మాలో ఎవరమూ ఒకరి ముఖము ఒకరము చూసుకోలేదు. ఎందుకంటే మా స్వచ్ఛంద సేవకుల జట్టు మీటింగు పెట్రోలు ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే రెండుసార్లు ఆగిపోయింది. ఖర్చు లేదని కాదు. మా సంఘములోనూ దినకూలీలు ఉన్నారు, వారిని ఉత్త చేతులతో రమ్మనటము న్యాయము కాదు. కాని నెల జీతము వచ్చే మేమే ముందుగా ఆ ప్రశ్న వేయటము మాత్రము బాగుండలేదు.

ఇంకొక సంగతి. అజరయ్య గారు మాటలతో సరిపెట్టలేదు. పల్లె క్రైస్తవునికి నాలుగు దయ్యములున్నవని చెప్పేవారు: మురికి, రోగము, అప్పు, తాగుడు. అందుకే బడులు, వైద్యశాలలు, సహకార సంఘములు కూడా నడిపారు. గురువులుగా తర్ఫీదు పొందేవారి భార్యలకు సైతము పాఠములుండేవి. అజరయ్య గారి సతీమణి అన్బు మరియమ్మ గారు స్త్రీల పనిలో ఆయనకు కుడి భుజము. ఆ నాలుగు దయ్యములలో ఏదైనా మన వాడ వదలి పోయిందా? అప్పు మాత్రము పేరు మార్చుకొని సెల్‌ఫోనులోకి వచ్చింది.

బిషప్పు గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. సంఘముల ఐక్యత కొరకు 1919 నాటి తరంగంబాడి సభ నుండి పాటుపడిన ఆయన, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడటము చూడలేకపోయారు.

మరునాడు వరంగల్లు వచ్చి, పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లి వెళ్లాము. అక్కడ గనులు సింగరేణివే, చెల్పూరులో కరెంటు ఉత్పత్తి కేంద్రము. ఎక్కడెక్కడినుండో వచ్చినవారితో నిండిన కాలనీలు. అన్ని సంఘములవారూ ఉంటారు, కాని ఒకరి ఆలయము గడప ఇంకొకరు తొక్కేది తక్కువ. దారిలో మోరంచపల్లి దగ్గర దిగాము. 2023 జూలై 27న తెల్లవారుజామున మోరంచవాగు పొంగి ఊరంతా మునిగింది. జనము మిద్దెలు, చెట్లు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కొందరు దక్కలేదు. పడవలు, హెలికాప్టరు వచ్చి మిగిలినవారిని గట్టెక్కించాయి. అధికారుల పని అంతటితో అయిపోవచ్చు. బురద ఎత్తటము, తడిసిన బియ్యము పారబోసి కొత్తవి కొలిచి పెట్టటము, తడిసిన కాగితాల కొరకు ఆఫీసుల చుట్టూ ఒక ముసలాయనతో తోడు తిరగటము, ఇవన్నీ తరువాతి వారాల పనులు. వాటికి హెలికాప్టరు అక్కరలేదు, మనిషి కావాలి.

ఆ సాయంత్రము భూపాలపల్లిలో మూడు సంఘముల పెద్దలతో కూర్చున్నాము. వానాకాలానికి ముందే ఒక జాబితా వ్రాయాలని నిర్ణయమైంది: వాగు ఒడ్డున ఒంటరిగా ఉండే ముసలివారు ఎవరు, ట్రాక్టరు ఎవరి దగ్గర ఉన్నది, ఈత ఎవరికి వచ్చు, పెద్ద వంటపాత్రలు ఏ ఆలయములో ఉన్నవి. క్రైస్తవులు, కానివారు అన్న లెక్క జాబితాలో ఉండదు. మొదటి పేరు వ్రాసినది బొగ్గు గనిలో రిటైరైన ఒక పెద్దాయన. ఈత గడిలో టిక్కు పెట్టి, వయసు గడిని మాత్రము ఖాళీగా వదిలేశారు.