దాచిన సాక్ష్యం

మా మామయ్య చివరి మూడేళ్లూ వెల్లకిలా పడుకుని నిద్రపోలేదు. గోడకు మూడు దిండ్లు చేర్చి, వాటికి వీపు ఆనించి, కూర్చునే కునుకు తీసేవారు. కొత్తగూడెం బొగ్గు బావుల్లో తట్టలతో టబ్బులు నింపిన తరం ఆయనది. అర్ధరాత్రి దాటాక దగ్గు తెర మొదలైతే ఇల్లంతా లేచేది. అత్తమ్మ వేడినీళ్లు తెచ్చేది, నేను వీపు రాసేదాన్ని. ఊపిరి బాధ అంటే ఇదేనని, అది ఉన్నవారికి నిద్ర పట్టదని కోడలిగా అడుగుపెట్టిన నాటి నుండి నా మనసులో ముద్రపడిపోయింది.

మావారి విషయంలో నేను మోసపోవడానికి అదే కారణం.

ఆయనకు తల దిండుకు తగలగానే నిద్ర. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే ఉద్యోగం, మారే షిఫ్టులు. గురక వీధి అరుగు దాకా వినిపించేది. “అబ్బా పడుకున్నారు, బ్లాస్టింగ్ మొదలైంది” అని పిల్లలు నవ్వుకునేవారు. అత్తమ్మకైతే ఆ గురక ఒక గర్వం. “కష్టపడేవాడి నిద్ర అలాగే ఉంటుంది బేటీ” అనేది.

గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం సంగతి నాకొక్కదానికే తెలుసు. తీగ తెగినట్టు చప్పుడు ఆగిపోయేది. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉండేవి గానీ, ముక్కు దగ్గర చేయి పెడితే గాలి తగిలేది కాదు. కాసేపటికి, చెరువులో మునిగి తేలినవాడిలా పెద్ద శబ్దంతో ఊపిరి పీల్చుకుని, పక్కకు దొర్లేవారు. మళ్లీ గురక. ఒక రంజాన్ రాత్రి సహరీ వేళ కోసం మేల్కొని ఉండి, గోడ గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది సెకన్లు. తర్వాతిసారి ముప్పై మూడు. ఆ రాత్రి నేను చేసిన దుఆలన్నీ ఆ సెకన్ల మధ్యనే. లేపి సహరీకి కూర్చోబెడితే ఆయనకేమీ గుర్తులేదు. “తల బరువుగా ఉంది, నిద్ర చాలలేదు” అన్నారు, ఏడు గంటలు పడుకున్న మనిషి.

నేనెవరికీ చెప్పలేదు. భర్త పడకగది సంగతి బయటపెట్టడమేమిటన్న మొహమాటం ఒకటి. దానికంటే పెద్దది మరొకటి: ఈ సంగతి బయటపడితే ఆయన్ను డంపర్ దింపేస్తారేమో, జీతం తగ్గుతుందేమో, పెద్దమ్మాయి చదువు ఏమవుతుందో. గని కార్మికులకు ఐదేళ్లకు మించకుండా ఒకసారి వైద్య పరీక్ష జరపాలని గనుల నిబంధనల్లో ఉండేది. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే న్యుమోకోనియోసిస్‌ను గనుల చట్టం ప్రకటిత వ్యాధిగా గుర్తించింది కూడా. మావారి ఛాతీ ఎక్స్‌రే ప్రతిసారీ శుభ్రంగానే వచ్చేది. మామయ్యకు వచ్చిన జబ్బు ఈయనకు రాలేదని ఆ కాగితం చూసి ఊరట చెందేదాన్ని. అది మెలకువగా ఉన్న మనిషికి తీసిన చిత్రమన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

నైట్ షిఫ్టు ముగిసిన ఒక ఉదయం పాల్వంచలోని మా ఆడపడుచు ఇంటికి బండి మీద బయలుదేరాం. దారిలో బండి మెల్లగా కుడివైపుకు జరగసాగింది. ఎదురుగా లారీ. నేను ఆయన భుజం మీద చరిచి కేక వేశాను. రోడ్డు పక్కన చెట్టు కింద బండి ఆపి, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తకుండానే అన్నారు: “డ్యూటీలో కూడా రెండుసార్లు ఇలాగే అయింది. నిండు లోడుతో ఉన్నాను.”

అరవై టన్నులు మోసే బండి అది. దాని ముందు జీపుల్లో తిరిగేవాళ్లు కూడా ఎవరో ఒకరి ఇంటికి తిరిగి వెళ్లవలసినవాళ్లే. సాక్ష్యాన్ని దాచవద్దన్న దైవాజ్ఞ అప్పుపత్రాలకు, తగవులకు సంబంధించిందని అనుకుంటూ వచ్చాను. నా పక్కన రాత్రి జరిగేదానికి అల్లాహ్ తప్ప మరో సాక్షి ఎవరున్నారు? పడుకున్నవాడికే తెలియని సంగతి అది.

ఖమ్మంలో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆయన “ఏమీ లేదండి, కాస్త అలసట” అన్నారు. డాక్టరు నవ్వి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. “ఈ విషయంలో రోగి మాట నేను నమ్మను. మీరు చెప్పండమ్మా.” గురక, నిశ్శబ్దం, ముప్పై మూడు సెకన్లు, పాల్వంచ రోడ్డు అన్నీ చెప్పేశాను. ఇంటికి తిరిగి వచ్చే బస్సులో మావారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. నాతో ఒక్క మాట లేదు.

ఒక రాత్రంతా తలకు తీగలు, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టి పరీక్ష చేశారు. గంటకు సగటున 42 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగిందట. ముప్పై దాటితేనే తీవ్రమైనదిగా లెక్కిస్తారు. దీని పేరు స్లీప్ ఆప్నియా. ఊపిరితిత్తులది కాదు ఇబ్బంది, గొంతుది. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు మనిషిని కుదిపి లేపుతుంది, ఆ లేవడం అతనికి గుర్తుండదు. రాత్రికి వందలసార్లు లేచినవాడికి పగలు నిద్ర ముంచుకురాదా? మందులకు లొంగని ఆయన రక్తపోటుకు కూడా ఇదే కారణం కావచ్చన్నారు. లావు మెడ, పెరిగిన బరువు దీన్ని ఎక్కువ చేస్తాయి. వెల్లకిలా పడుకుంటే చాలామందికి ఇంకా ముదురుతుంది.

చికిత్సకు వాడే యంత్రాన్ని సీపాప్ అంటారు. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు ఈ పద్ధతిని లోకానికి చూపారు. ముక్కుకు తగిలించిన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోకుండా తెరచుకుని ఉంటుంది. అంతే సంగతి. మామయ్య ఊపిరితిత్తుల్లో చేరిన ధూళిని తీసే ఉపాయం ఎవరి దగ్గరా లేకపోయింది. దీనికి ఉపాయముంది, నేనే ఏళ్ల తరబడి నోరు మూసుకున్నాను.

మొదటి వారం మాస్కును రెండుసార్లు విసిరికొట్టారు. కరెంటు పోయిన రాత్రి యంత్రం ఆగి ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నారు. దేశానికి వెలుగునిచ్చే బొగ్గు మా ఊరిదే గానీ, మేం ఇన్వర్టర్ కొనక తప్పలేదు. డ్యూటీ విషయంలో ఆయనే నిర్ణయం తీసుకున్నారు. చికిత్స కుదురుకునేదాకా సెలవు పెట్టి, తన పైఅధికారికి ఉన్నదున్నట్టు చెప్పి వచ్చారు. నేను భయపడ్డట్టే ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయింది. పెద్దమ్మాయి ఫీజుకు నా గాజులు రెండు కుదువపెట్టాం. అవి ఇంకా విడిపించలేదు.

పదో రోజో, పదకొండో రోజో, ఫజ్ర్ అజాన్‌కు ముందే వుజూ నీళ్ల చప్పుడు వినిపించి నాకు మెలకువ వచ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను లేపకుండా ఆయన లేవడం నాకు గుర్తులేదు. అయితే గురక లేని ఇంట్లో నిద్రపోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. మధ్యరాత్రి లేచి ఆయన ఛాతీ మీద చేయి వేసి చూస్తుంటాను.

మొన్న పక్క క్వార్టర్ అమ్మాయి మజ్జిగ కోసం వచ్చి, “మా ఆయన గురకకు ఇంటి పైకప్పు లేచిపోతోంది ఆపా” అని నవ్వింది.

“మధ్యలో ఆగుతుందా?” అని అడిగాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. గిన్నె అరుగు మీద పెట్టి నా పక్కన కూర్చుంది.